బ్లూ కార్నర్‌లో సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంటే

పలావ్ దీవుల్లో స్కూబా డైవింగ్ చేసే పగడపు దిబ్బ బ్లూ కార్నర్ దగ్గర ప్రవాహానికి ఎదురీదలేక అలసిపోయానని, అరగంటకే శ్వాసకు వాడే గాలి సిలిండర్ ఖాళీ అయిందని రాశారు. అక్కడ ఎంతటి ఈతగాళ్లకైనా అంతే అవుతుంది. దయచేసి మళ్లీ ఎదురీదకండి.

మీకు కావలసింది రీఫ్ హుక్, అంటే మిమ్మల్ని తాడుతో రాతికి పట్టి ఉంచే కొక్కెం. దిబ్బ అంచు దగ్గరకు రాగానే రాతికి చేరువగా దిగండి, అక్కడ ప్రవాహం కొంత నెమ్మదిగా ఉంటుంది. హుక్‌ను చచ్చిన పగడపు రాతికే తగిలించండి. బతికున్న పగడం విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది, ఈ విషయంలో అశ్రద్ధ వద్దు. తర్వాత బీసీడీలో (తేలడాన్ని అదుపు చేసే గాలి జాకెట్‌లో) కొంచెం గాలి నింపితే గాలిపటంలా నిలకడగా తేలుతారు. కాళ్లు ఆడించే పని తగ్గుతుంది, శ్వాస నెమ్మదిస్తుంది, సొరచేపలను తీరికగా చూడవచ్చు.

ఒక్క మాట మరవకండి: హుక్ తీసే ముందు ఆ గాలిని తప్పక వదిలేయండి. లేకపోతే ఒక్కసారిగా పైకి లేచిపోతారు. అలా వేగంగా పైకి రావడం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు, డీకంప్రెషన్ జబ్బు (ఒత్తిడి త్వరగా తగ్గి ఒంట్లో నైట్రోజన్ బుడగలు ఏర్పడటం) కూడా రావచ్చు.

కిందికి లాగే ప్రవాహంలో చిక్కితే దిబ్బ గోడకు దూరంగా, పక్కకు ఈదండి. పైకి వచ్చేటప్పుడు మార్కర్ బోయ్‌ను (నీటిపై తేలుతూ మీ చోటు చూపే గుర్తును) ముందుగా వదిలితే పడవవాళ్లు మిమ్మల్ని సులువుగా గుర్తిస్తారు.

మొదటిసారి హుక్ వాడేది మాత్రం ప్రవాహం తక్కువగా ఉన్న పూట, గైడ్ పక్కన ఉండగానే.