సింగపూర్‌లో నెలకు 6,000 డాలర్ల జీతంతో ముగ్గురం హాయిగా బతకగలమా?

ఆకివీడు నుంచి మీరడిగింది చదివానండి. సింగపూర్‌లో 6,000 డాలర్ల ఉద్యోగం వచ్చింది, భార్యనీ మూడేళ్ల పాపనీ కూడా తీసుకెళ్తే హాయిగా గడుస్తుందా, నాన్నగారి రొయ్యల చెరువుల బాకీకి నెలకు లక్ష పంపగలనా అని కదా మీ ప్రశ్న. మాది పాలకొల్లు. పెళ్లికి ముందు ఒంటరిగా, తర్వాత సంసారంతో అక్కడ ఉండి వచ్చినవాణ్ణి. మీరొక్కరే వెళ్తే రెండూ కుదురుతాయి. ముగ్గురూ వెళ్తే ఆ జీతంతో రోజులు గడుస్తాయి గానీ లక్ష పంపడం కుదరదు.

మన వైపు ఎవరికి ఆఫర్ వచ్చినా ముందు రూపాయల్లోకి మార్చేస్తారు. సింగపూర్ డాలరు 70 రూపాయలకు అటూ ఇటూగా వేసుకుంటే నాలుగు లక్షల ఇరవై వేలు. ఆ అంకె ఇంట్లో ఒకసారి చెప్పామంటే ఎవరి ఆశలు వాళ్లకుంటాయి. అందుకని ఆ లెక్క పక్కనపెట్టి, అక్కడ నెల ఎలా గడుస్తుందో చూడండి.

హాయి అనేది అక్కడ ముప్పాతిక వంతు ఇంటి మీదే ఆధారపడి ఉంటుంది. ఆ దేశంవాళ్లలో నూటికి 80 మంది దాకా ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. మనమూ వాటిలోనే అద్దెకు చేరతాం. హాలును కూడా కలిపి లెక్కేస్తారు కాబట్టి ‘త్రీ రూమ్’ అంటే రెండు పడగ్గదులు, ఒక హాలు. ఉడ్‌లాండ్స్, యీషున్, సెంగ్‌కాంగ్ లాంటి దూరపు పేటల్లో కూడా దానికి 2,600 నుంచి 3,000 దాకా పెట్టుకోవాలి. ఈతకొలను, జిమ్ ఉన్న కాండోలో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్లో, రెండు పడగ్గదులైతే 4,000 దాటుతుంది. 2022, 2023లో అద్దెలు ఒక్కసారిగా ఎగబాకాయి, మళ్లీ పాత ధరలకు దిగలేదు. ఇంకో మెలిక ఉందండి. మలేసియావాళ్లు కాని విదేశీయులకు మొత్తం ఫ్లాటు అద్దెకిచ్చే విషయంలో కోటా ఉంది, పేట మొత్తంలో 8 శాతం, ఒక్కో బ్లాకులో 11 శాతం. అది నిండిపోతే ఇల్లు నచ్చినా, ఓనరు ఒప్పుకున్నా లాభం లేదు. అందుకే ఫ్లాటు చూడ్డానికి వెళ్లేముందే ఏజెంటును కోటా గురించి అడగండి. ఆ ఏజెంటు పేరు, నంబరు సీఈఏ (ఇళ్ల ఏజెంట్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టరులో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఒక్క రూపాయి కూడా పంపకండి.

ఒంటరిగా వెళ్తే ఒక గది చాలు, 900 నుంచి 1,200 లో దొరుకుతుంది. కానీ ప్రకటనలో వంట గురించి ఏం రాశారో తప్పకుండా చదవండి. ‘లైట్ కుకింగ్’ అంటే నూడుల్స్ ఉడకబెట్టుకోవడం, గుడ్డు వేయించుకోవడం వరకే. చేపల పులుసు, ఇంగువ పోపు అంటే ఒప్పుకోరు. నేను మొదట చేరిన గదిలో ఇంటావిడ మంచి మనిషే, కానీ పొయ్యి దగ్గరకు రానిచ్చేది కాదు. జీతం బాగానే వస్తోంది, చేతిలో డబ్బులున్నాయి, కానీ చారన్నం కోసం ఆదివారం దాకా ఆగి స్నేహితుల ఇంటికి వెళ్లేవాణ్ణి. తర్వాత 200 డాలర్లు ఎక్కువైనా వంటకు పూర్తిగా ఒప్పుకున్న ఇంటికి మారాను. ఆ 200 దగ్గర కక్కుర్తి పడకండి. మన గోదావరి జిల్లాల మనిషికి వంటిల్లు లేని చోట హాయి లేదు.

ఇల్లు కుదిరాక మిగతావి నిజంగానే చవక. హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోట, 4 నుంచి 6 డాలర్లకు కడుపు నిండుతుంది. సన్నబియ్యం, కందిపప్పు, గోంగూర, మునక్కాడలు లిటిల్ ఇండియాలో దొరుకుతాయి. టెక్కా మార్కెట్లో చందువాలు, రొయ్యలు తాజాగా ఉంటాయి. బతికున్న కొరమేను కూడా తెచ్చుకోవచ్చు, ఆపరేషన్ అయినవాళ్లకు గాయం మానుతుందని చైనావాళ్లు ప్రత్యేకంగా పెడతారు. బస్సు, ఎంఆర్‌టీ (మెట్రో రైలు) ఛార్జీ చాలా ప్రయాణాలకు డాలరు, రెండు డాలర్లు. ఏడేళ్లలోపు పిల్లలకు టికెట్టే లేదు. కొళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు. చుట్టూ గోదావరి కాలవలే ఉండి రోజూ నీళ్ల టిన్ను కొనుక్కునే మనకి ఆ ఒక్కటి చూస్తేనే మనసు నిండుతుంది. కారు ఆలోచన మాత్రం పెట్టుకోకండి. కారు కొనడానికి ముందు తీసుకోవాల్సిన పదేళ్ల పర్మిట్టే లక్ష డాలర్లు దాటిన రోజులున్నాయి.

అసలు భారం పాప చదువు. ఆ దేశం పిల్లలకిచ్చే సబ్సిడీ మన పిల్లలకు రాదు. పూర్తిరోజు ప్రీస్కూలుకు మేము నెలకు 1,300 దాకా కట్టాం. పూటబడి అయితే బాగా తగ్గుతుంది. వైద్యమూ అంతే, ప్రభుత్వ ఆసుపత్రిలో కూడా విదేశీయులు సబ్సిడీ లేని ధరే కట్టాలి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (మీలాంటి ఉద్యోగులకిచ్చే వర్క్ పర్మిట్టు) మీద వెళ్లినవాళ్లకు కంపెనీ ఇన్సూరెన్స్ చేయించి తీరాలని చట్టం లేదు. కాబట్టి మీ ఆవిడగారికీ, పాపకీ కూడా ఇన్సూరెన్స్ ఉందా అని ముందే అడగండి. పళ్ల పనులేమైనా ఉంటే భీమవరంలోనే చేయించుకుని వెళ్లండి.

మా నెల లెక్క దాదాపు ఇలా ఉండేది. అద్దె 2,900, కరెంటు నీళ్లు గ్యాసు 180, ఇంటర్నెట్టు ఫోన్లు 80, సరుకులు 700, బయట తిండి 300, రాకపోకలు 250, ప్రీస్కూలు 1,300, మందులు చిల్లరమల్లర 150. మొత్తం 5,860. ఇది ఆడంబరంగా బతికితే అయిన ఖర్చు కాదు. పైన పన్ను ఉంది. అక్కడ జీతంలో నెలనెలా పన్ను కోసుకోరు, మరుసటి ఏడు బిల్లు వస్తుంది. మీ జీతానికి, భార్యాపిల్లల మినహాయింపులు తీసేశాక నెలకు 200 చొప్పున పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. పాపను ఇంట్లోనే ఉంచుకుంటే 1,300 మిగులుతాయి, అది కూడా లక్ష రూపాయలకు చాలదు.

మీ ఆవిడగారు భీమవరంలో ఉద్యోగం చేస్తున్నారని రాశారు. డిపెండెంట్ పాస్ (ఉద్యోగి భార్యాపిల్లలకిచ్చే పాస్) మీద వస్తే ఆవిడ అక్కడ పనిచేయడానికి లేదు. 2021 మే నుంచి ఆవిడకు విడిగా వర్క్ పాస్ ఉండాల్సిందే. అంటే ఇక్కడి ఆవిడ జీతం కూడా పోతుంది, ఆ లెక్కా వేసుకోండి. అమ్మానాన్నలను దీర్ఘకాల పాస్ మీద తెచ్చుకోవాలంటే మీ జీతం 12,000 ఉండాలి, లేదంటే విజిటర్లుగా వచ్చి వెళ్లాలి. ఈ సంగతి ముందు తెలియక బాధపడ్డవాళ్లను చాలామందిని చూశాను.

చేరేటప్పటి డబ్బు గురించి కూడా చెప్పాలి. రెండేళ్ల ఒప్పందమైతే రెండు నెలల అద్దె డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు, మొత్తం అద్దె మీద 0.4 శాతం స్టాంపు డ్యూటీ. 2,900 అద్దెకు ఇవే 9,000 దగ్గరకొస్తాయి, అంటే ఆరు లక్షల పైమాట. ఏజెంటుకు ఇవ్వాల్సి వస్తే ఇంకో నెల అద్దె. దీనికోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవద్దు, ఇప్పటికే చెరువుల బాకీ ఉంది. మొదటి నెల బస, విమాన టికెట్లు కంపెనీనే పెట్టుకోమని అడగండి, అడిగితే చాలామంది ఇస్తారు.

నా మాట వింటే, మొదటి ఏడాది మీరొక్కరే వెళ్లండి. గది 1,100, తిండి 700, మిగతావన్నీ కలిపి 500, పన్నుకు 230 తీసినా లక్ష పంపి, ఇంకా 2,000 దాచుకోవచ్చు. విశాఖకు నేరుగా విమానం ఉంది, అక్కణ్ణుంచి రైలెక్కి ఇంటికి చేరొచ్చు. జీతం 8,500 దాటాక అందరూ వెళ్తే ముగ్గురికీ బాగుంటుంది.

ఇప్పుడే తీసుకెళ్లాలనుకుంటే మాత్రం ఆఫర్ లెటర్లో ఫిక్స్‌డ్ నెలజీతం ఎంతని రాశారో చూడండి. డిపెండెంట్ పాసుకు కనీసం 6,000 కావాలి, అందులో బోనస్సు, నెలనెలా మారే అలవెన్సులు లెక్కలోకి రావు. 5,500 ఫిక్స్‌డ్, 500 వేరియబుల్ అని ఉంటే మీవాళ్లకు పాసే రాదు, పైగా మీ పాసుకు కూడా 2025 జనవరి నుంచి కనీసం 5,600, వయసు పెరిగేకొద్దీ అంతకన్నా ఎక్కువ, ఉండాలి. సంతకం పెట్టకముందే హెచ్ఆర్ చేత మార్పించుకోండి.