సంఘానికి వస్తున్న శరణార్థి కుటుంబం గురించి

ప్రభువునందు ప్రియమైన చెల్లెమ్మకు, వందనాలు.

శరణార్థుల కుటుంబం ఒకటి మీ సంఘానికి వస్తోందని, టెన్షన్‌గా ఉందని రాశావు. మొదటి వారం గురించి నాకు బెంగ లేదు. భోజనాలు, దుప్పట్లు, బట్టలు అడక్కుండానే వచ్చి పడతాయి. (చిరిగినవి పంపొద్దని పాస్టరుగారి చేత చెప్పించు. మనం చెబితే కోపాలొస్తాయి.) ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయాక, రెండు మూడు నెలలకు అసలు కష్టం మొదలవుతుంది.

వాళ్లను ఆరాధనలో నిలబెట్టి సాక్ష్యం చెప్పించకండి. పారిపోయి వచ్చిన కథ పదిమంది ముందు చెప్పడమంటే మళ్లీ అనుభవించడమే. ఫోటోలు వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. వాళ్ల బంధువులు ఇంకా అక్కడే ఉంటే, వాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. చర్చికి వస్తేనే అద్దె కడతామన్న మాట కూడా ఎవరి నోటా రానివ్వకు.

బైబిల్లో రూతు గ్రంథం 2వ అధ్యాయం మళ్లీ చదువు. ఆమె మోయాబు నుంచి వచ్చిన పరదేశి. కోతలో పొలంలో రాలిన పరిగెను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండము 19లోనే ఉంది కాబట్టి, ఏరుకోవడం ఆమె హక్కు. ఆ పొలం యజమాని బోయజు ఇంకో అడుగు ముందుకేశాడు. పనల్లోంచి కొన్ని పిడికిళ్లు కావాలనే లాగి పడేయమని, ఆమెను గద్దించవద్దని పనివాళ్లకు చెప్పాడు. రూతు అత్తకు పట్టుకెళ్లిన యవలు తను వంగి ఏరుకున్నవే. ఇవ్వడమంటే అలా ఇవ్వాలి.

తొలినాటి క్రైస్తవుల బోధ ‘దిదాకే’లో ఒక నియమం ఉంది: దారిన పోయే అతిథిని రెండు మూడు రోజులు ఉంచుకోండి, స్థిరపడతానంటే చేతిపని చేసుకోనివ్వండి. వినడానికి కటువుగా ఉన్నా నాకది నచ్చుతుంది. మీరూ వాళ్లకు ఏ పని వచ్చో అడగండి. అయితే ఆశ్రయం దరఖాస్తు తేలేదాకా కొన్ని దేశాల్లో పనికి అనుమతి ఉండదు. ముందు లాయరును కనుక్కోండి, సొంత సలహాలు ఇవ్వకండి.

వాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లు. “మీకెందుకు శ్రమ” అనకు. ఎమ్మాయు ఊళ్లో ఇద్దరు శిష్యులు, తిరిగి లేచిన యేసు అని తెలియక, బతిమాలి లోపలికి పిలిచిన బాటసారే రొట్టె విరిచి వాళ్లకు పంచాడు కదా.

వాళ్ల ఆశ్రయం దరఖాస్తు మీద విచారణ తేదీ తెలియగానే రాయి. ఆ రోజు వాళ్లకు తోడుగా ఎవరు వెళ్లాలో ఇప్పుడే అనుకోండి.

ఇట్లు,
మీ అన్నయ్య