తుఫానుకు మునిగిన చేలో ఎలుకలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ప్రశ్న: తుఫానుకు మడులు మునిగితే ఎలుకలు చచ్చాయనుకున్నాం. ఇప్పుడు వరి చిరుపొట్ట దశలో ఉంది, పిలకలు విపరీతంగా కొరికేస్తున్నాయి. చలికి ఇలా పెరుగుతాయా? ఏం మందు పెట్టాలి?
– ఒక రైతు, ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా

జవాబు: ముంపులో బొరియల్లోని పిల్లలు చస్తాయి గానీ పెద్ద ఎలుకలు బాగా ఈదుతాయి. కాలువ గట్లు, రోడ్డు కట్టలు ఎక్కి తలదాచుకుని, నీళ్లు తీయగానే చేలోకి దిగుతాయి. చూలు మూడు వారాలే. ఈనిన కొద్ది రోజులకే మళ్లీ కడతాయి.

చలి కారణం కాదండీ. మన దగ్గర వాటిని పెంచేది, తగ్గించేది వాన, దాని వెంట వచ్చే తిండి. వరి పొట్టకొచ్చి గింజ పాలు పోసుకునే రోజుల్లోనే ఎక్కువగా ఈనుతాయి. ఊరంతా ఒకేసారి నాటితే ఆ తిండి కొద్ది రోజులే. 2023 డిసెంబరులో వచ్చిన మిచాంగ్ లాంటి తుఫానుకు నార్లు పోతే కొందరు మళ్లీ పోస్తారు, కొందరి నాట్లు ఆలస్యమవుతాయి. అప్పుడు ఒక చేను కోతకొచ్చేసరికి పక్క చేను పొట్ట మీద ఉంటుంది. సోమశిల జలాశయం నిండిన ఏడు ఎడగారు (రెండో పంట) కూడా పడుతుంది కాబట్టి ఎలుకకు ఆకలి రోజులే ఉండవు. కరువులో తగ్గినా, ఆ వెంటనే మంచి వానలు పడిన ఏడు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ ఏడు మరీ జాగ్రత్త.

పొట్ట గట్టిపడితే ఎరను సరిగా ముట్టవు, అందుకే ఈ వారమే పెట్టండి. సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూయండి. తెల్లారి తెరుచుకున్నవాటిలోనే ఎలుకలున్నట్టు. 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె పట్టించి, 2 పాళ్ల బ్రోమాడయోలోన్ 0.25 శాతం మందు కలపండి. బొరియకు 15 గ్రాముల పొట్లం ఒకటి లోపలికి తోయండి. చేతికి తొడుగులు వేసుకోండి, పిల్లల్ని, కుక్కల్ని దూరంగా ఉంచండి, చచ్చిన ఎలుకల్ని పూడ్చేయండి.

మీరొక్కరే పెడితే లాభం లేదు, పక్క చేలోవి వారంలో మీ బొరియల్లో చేరతాయి. ఆయకట్టు రైతులంతా ఒకే రోజు పెట్టాలి, కాలువ గట్లు వదలకూడదు. పొట్ట దశ దాటితే మందు మానేసి యానాదులను పిలిపించండి. కుండతో పొగబెట్టి బొరియ తవ్వి పట్టడంలో వాళ్లది గొప్ప పనితనం. పందికొక్కులు లోపల దాచిన వెన్నులు కూడా బయటపడతాయి.

వచ్చే కారుకు గట్లు చెక్కేటప్పుడు అడుగు వెడల్పు మించనివ్వకండి. లావు గట్టులోనే అవి కాపురం పెడతాయి.