సిర్ఫిడ్ ఈగ పేరు పక్కన ఫాబ్రిషియస్ బ్రాకెట్లలో ఎందుకున్నాడు?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. దేవరకొండ దగ్గర మీ బొబ్బర్ల చేనులో పూల ముందు గాలిలో కదలకుండా నిలబడే పసుపు, నలుపు పట్టీల పురుగు తేనెటీగా, ఈగా అన్నది మొదటిది. ఫోనులోని యాప్ దానికి చూపించిన "ఇస్కియోడాన్ స్క్యుటెల్లారిస్ (ఫాబ్రిషియస్, 1805)" అన్న పేరును నమ్మవచ్చా అన్నది రెండవది. ఆ మనిషి పేరు, సంవత్సరం ఇక్కడ బ్రాకెట్లలో ఉండగా అదే యాప్ తేనెటీగకు బ్రాకెట్లు లేకుండా ఎందుకు చూపించిందన్నది మూడవది. నేను నల్లగొండలో చాలా ఏళ్లుగా ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను. చండూరు వైపు మాకు కొంత చెల్క భూమి ఉంది. ఈ ఈగలతో నాకు పరిచయం పుస్తకంలో కాక ఆ చెల్కలో, అదీ ఒక నష్టంతో మొదలైంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మీరు చూసింది ఈగే. తేనెటీగకు, కందిరీగకు రెండు జతల రెక్కలుంటాయి. ఈగకు ఒక్క జతే ఉంటుంది; రెండో జత ఉండవలసిన చోట గుండుసూది తలల్లాంటి రెండు చిన్న బుడిపెలుంటాయి. వాటిని హాల్టీర్లు అంటారు. అవి ఎగిరేటప్పుడు ఒంటి సమతూకాన్ని కాపాడుతాయి. ఈ ఈగకు కుట్టే ముల్లు లేదు. ముల్లున్న వాటి వేషం వేసుకుని పక్షుల నుంచి తప్పించుకుంటుంది. వ్యవసాయ శాఖ వారు దీన్ని సిర్ఫిడ్ ఈగ అంటారు, మిత్రపురుగుల్లో లెక్కిస్తారు. ఈ ఈగలన్నీ కలిసిన సిర్ఫిడే కుటుంబానికి ఆ పేరు 1802లో ఫ్రాన్సుకు చెందిన కీటక శాస్త్రవేత్త లాట్రేయ్ పెట్టినది. ప్రపంచంలో ఇప్పటివరకు ఆరు వేలకు పైగా జాతులకు పేర్లు పడ్డాయి.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఒక ఏడాది మా బొబ్బర్ల చేనుకు పేనుబంక విపరీతంగా పట్టింది. కొసలన్నీ నల్లగా మారి, ఆకులు జిగురు కట్టాయి. ఆ నల్లటి గుంపుల మధ్య ఆకుపచ్చగా, కాళ్లు లేకుండా, ఒక కొన సన్నగా ఉన్న చిన్న పురుగులు పాకుతూ కనిపించాయి. ఆకును తినేది అదేనని నాన్న, నేను అనుకున్నాం. మందుల దుకాణంలో అడిగితే అక్కడివారు కూడా అదే అన్నారు. రెండు రకాలకూ కలిపి మందు కొట్టాం. పది రోజులు తిరగక ముందే పేనుబంక మళ్లీ వచ్చింది, మునుపటికంటే ఎక్కువగా వచ్చింది. ఆ పచ్చ పురుగులు మాత్రం రాలేదు. ఆ పంట మీద పెట్టిన ఖర్చు కూడా మాకు తిరిగి రాలేదు.

మరుసటి ఏడాది మందు కొట్టక ముందే, పేనుబంక పట్టిన రెండు కొసలను, వాటి మీద ఉన్న ఒక పచ్చ పురుగుతో సహా హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ కట్టాను. ఆ రాత్రి టార్చిలైటు వేసి చూసినది నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ పురుగు, తల అంటూ వేరుగా లేని తన ముందు కొనను చీకట్లో తడుముతున్నట్టు అటూ ఇటూ తిప్పి, తగిలిన పేనుబంకను కొక్కెం లాంటి నోటితో పట్టి, కొమ్మ మీద నుంచి గాలిలోకి ఎత్తి, రసమంతా పీల్చి, ఒట్టి తోలును పక్కన వదిలింది. వెంటనే మరొకదాన్ని పట్టింది. తెల్లవారేసరికి సీసా అడుగున తోళ్లు రాలి ఉన్నాయి. నాలుగైదు రోజులకు అది కన్నీటి బొట్టు ఆకారంలో ప్యూపాగా మారి కొమ్మకు అతుక్కుంది. తరువాతి వారంలో అందులో నుంచి మీరు చెప్పిన ఈగే బయటికి వచ్చింది. ఒక్కో పురుగు తన జీవితంలో వందల పేనుబంకలను తింటుందని అప్పుడు చదివి తెలుసుకున్నాను. మేము ఏడాది ముందు చంపుకున్నది వీటినే.

ఇక పేరు సంగతి. జంతువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళి ప్రకారం, జాతి పేరు తరువాత, దానికి మొదట పేరు పెట్టి వర్ణన ప్రచురించినవారి పేరు, ఆ సంవత్సరం రాస్తారు. వారు ఏ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు; పేరులోని మొదటి మాట దానిదే) పెట్టారో జాతి నేటికీ అందులోనే ఉంటే బ్రాకెట్లు ఉండవు. తరువాతివారు దాన్ని మరో ప్రజాతిలోకి మార్చి ఉంటే మొదటివారి పేరు, సంవత్సరం బ్రాకెట్లలోకి వెళ్తాయి. మన పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే తేనెటీగ ఏపిస్ సెరానా ఫాబ్రిషియస్, 1793. ఫాబ్రిషియస్ దాన్ని ఏపిస్ అనే అన్నాడు, మనమూ ఏపిస్ అనే అంటున్నాం కాబట్టి బ్రాకెట్లు అక్కరలేదు. మీ ఈగకు మాత్రం ఆయన 1805లో పెట్టిన పేరు స్కేవా స్క్యుటెల్లారిస్. ఆ తరువాత అది స్కేవా నుంచి ఇస్కియోడాన్‌లోకి మారింది. మార్చినవారి పేరు జంతుశాస్త్రంలో సాధారణంగా రాయరు. వృక్షశాస్త్రంలో మాత్రం మొదటివారిని బ్రాకెట్లలోను, మార్చినవారిని బయట రాస్తారు. బైపీసీ పిల్లలు తికమక పడేది ఇక్కడే.

యోహాన్ క్రిస్టియాన్ ఫాబ్రిషియస్ (1745–1808) డెన్మార్క్ రాజ్యంలో పుట్టినవాడు, జీవులకు రెండు మాటల పేర్ల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దగ్గర చదువుకున్నవాడు, కీల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. దాదాపు పది వేల కీటకాలకు పేర్లు పెట్టాడు. మన దేశానికి ఎన్నడూ రాలేదు. కాని తమిళనాడు తీరంలోని తరంగంబాడి అప్పట్లో డెన్మార్క్ వారి స్థావరం. అక్కడ పట్టిన కీటకాలు ఓడల్లో యూరపుకు చేరి, ఎన్నో ఆయన పుస్తకాల్లో పేర్లు పొందాయి. మన చేలల్లో తిరిగే పురుగుల పేర్ల వెనక ఆయన ఇన్నిసార్లు కనిపించడానికి ఆ ఓడలే కారణం. 1805 నాటి ఆయన గ్రంథం ప్రధానంగా ఈగల జాతి కీటకాలకు కేటాయించినది. ఆయన వర్గీకరణకు ఆధారం నోటి భాగాలు. ఎండిన చిన్న ఈగ నోటిని అప్పటి భూతద్దాలతో పరిశీలించడం ఎంత కష్టమో, ఎండిన ఈగను ఒక్కసారి చేతిలోకి తీసుకున్న ఎవరికైనా తెలుస్తుంది.

ఆ కష్టాన్ని దాటించినవాడు జర్మనీకి చెందిన యోహాన్ విల్హెల్మ్ మైగెన్ (1764–1845). ఫ్రెంచి పాఠాలు చెప్పుకుంటూ, పేదరికంలోనే బతుకుతూ, ఈగలను పోల్చడానికి నోటికంటే రెక్క మీది ఈనెలు, మీసాల ఆకారం నమ్మకమైన గుర్తులని ఆయన తేల్చాడు. 1818 నుంచి 1838 వరకు ఏడు సంపుటాలుగా యూరపు ఈగలను వర్ణించాడు. నాకు ఈ శాస్త్రవేత్తలందరిలోకీ ఆయన మీద ఎక్కువ గౌరవం. ఎందుకంటే ఆయన చూపిన గుర్తు మన ఊళ్లో పది రూపాయల భూతద్దంతో, ఏ ప్రయోగశాలా లేకుండా చూసుకోవచ్చు. మీ ఈగ రెక్కను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రెక్క నడుమ, పొడవు ఈనెల మధ్య, మరో సన్నని గీత కనిపిస్తుంది. అది నిజానికి ఈనె కాదు; ఏ ఈనెతోను కలవకుండా, రెక్క పొరలోనే గట్టిపడిన మడత. లాటిన్‌లో దీన్ని వేనా స్ప్యూరియా అంటారు, నేను పిల్లలకు దొంగ ఈనె అని చెబుతాను. సిర్ఫిడే కుటుంబంలో దాదాపు ప్రతి ఈగకూ ఇది ఉంటుంది. రెక్క చివర అంచుకు సమాంతరంగా ఈనెలు కలిసి రెండో అంచులా కనిపించడం మరో గుర్తు.

ఇస్కియోడాన్ అన్న పేరు మరింత ముచ్చటైనది. 1913లో జర్మనీకి చెందిన పియస్ సాక్, తైవాన్ ఈగలను పరిశీలిస్తూ ఈ ప్రజాతిని ఏర్పరిచాడు. గ్రీకులో ఇస్కియాన్ అంటే తుంటి, ఓడాన్ అంటే పన్ను. ఇంటర్‌లో బొద్దింక కాలు భాగాలు కోక్సా, ట్రోకాంటర్, ఫీమర్ అని కంఠస్థం చేసినవారు ఇక్కడ ఆ ట్రోకాంటర్‌ను, అంటే కాలి మొదట్లోని చిన్న రెండో భాగాన్ని, గుర్తు తెచ్చుకోవాలి: మగ ఈగ వెనక కాలి ట్రోకాంటర్ మీద చిన్న ముల్లు పొడుచుకు వచ్చి ఉంటుంది. తుంటికి పన్ను మొలిచినట్టుంటుంది కనుకనే ఆ పేరు. నేను మొదటిసారి దాన్ని చూసింది మా ఇంటి కిటికీలో చచ్చి పడిన ఈగ మీద. పేరు చదివి ఏళ్లు గడిచాక, ఆ పేరు చెప్పినదే అద్దం కింద అలాగే కనిపించినప్పుడు కలిగిన సంతోషాన్ని నేను తరగతిలో ఎంత చెప్పినా పిల్లలకు అందించలేకపోయాను. ఈగనే తీసుకువెళ్లి చూపించాక అందింది. సాక్ ఆ ఈగకు ట్రోకాంటెరికా అనే జాతి పేరు పెట్టాడు. తరువాత పోల్చి చూస్తే అది ఫాబ్రిషియస్ 1805లో వర్ణించిన ఈగే అని తేలింది. సాక్ కంటే ముందే, 1842లో, ఫ్రాన్సుకు చెందిన మకార్ కూడా ఇదే ఈగకు మన కోరమండల్ తీరం పేరు మీదుగా కోరమండలెన్సిస్ అని పేరు పెట్టి ఉన్నాడు. ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యం అన్న నియమం వల్ల స్క్యుటెల్లారిస్ మిగిలింది, తక్కినవి పర్యాయ నామాలయ్యాయి. స్క్యుటెల్లం అంటే చిన్న డాలు. ఈగ వీపు చివర, రెక్కల మధ్య పసుపు రంగులో ఉన్న ముక్కోణపు పలక అది.

మన దేశపు సిర్ఫిడ్ ఈగల మీద మొదటి సమగ్ర సంపుటి 1923లో బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో వెలువడింది. రాసినవాడు ఎన్రికో బ్రునెట్టి. వృత్తిరీత్యా సంగీతకారుడు. కలకత్తాలో ఉంటూ అక్కడి మ్యూజియంలోని ఈగలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. పేర్లు ఆ తరువాత చాలా మారినా, మన ప్రాంతపు ఈగను గుర్తించబోయేవారు ఇప్పటికీ ఆ సంపుటిని తెరవక తప్పదు.

కుటుంబం లోపలి విభజన గురించి మీరు అడగలేదు గాని, మా సీసాలోని పురుగుకు దానితో సంబంధం ఉంది కనుక చెబుతాను. ఇప్పుడు సిర్ఫిడేను నాలుగు ఉపకుటుంబాలుగా చూస్తున్నారు. సిర్ఫినేలో చాలావాటి పిల్లపురుగులు పేనుబంకల వంటివాటిని తింటాయి. మీ ఈగ ఇందులోదే. ఎరిస్టాలినేలో అనేకం కుళ్లిన నీటిలో పెరుగుతాయి. పశువుల కొట్టం పక్క మురుగు గుంటలో పొడుగాటి తోకతో కనిపించే పురుగులను మీరు చూసే ఉంటారు. ఆ తోక నీటి పైకి చాచి గాలి పీల్చుకునే గొట్టం. బత్తాయి పూత సమయంలో తోటల్లో తిరిగే, కళ్ల నిండా చుక్కలున్న ఎరిస్టాలినస్ ఈగలు వీటి పెద్దరూపమే. మూడవదైన మైక్రోడాంటినే పిల్లపురుగులు చీమల పుట్టల్లో బతుకుతాయి. అవి ఎంత వింతగా ఉంటాయంటే, 1820లలో స్పిక్స్ అనే శాస్త్రవేత్త ఒకదాన్ని నత్తల వర్గానికి చెందిన జీవి అనుకుని కొత్త పేరు పెట్టాడు. నాలుగవది పిపిజినే. పెద్ద ఈగ రూపాన్ని బట్టి వీటిని చాలాకాలం ఎరిస్టాలినే వైపు ఉంచారు. కాని వీటి పిల్లపురుగులు పేనుబంకలను తింటాయి. పిల్లపురుగుల నిర్మాణాన్ని పరిశీలించినవారు ఇవి సిర్ఫినేకు దగ్గరివని వాదించారు. 2015లో డీఎన్ఏ ఆధారాలతో మెంగ్వల్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు వీటిని సిర్ఫినేకు తోబుట్టువుగా, ప్రత్యేక ఉపకుటుంబంగా నిలబెట్టారు. రెండు వందల ఏళ్లు రెక్కలను, కళ్లను, రోమాలను చూసి చేసిన వర్గీకరణను, పురుగు ఏం తింటుందన్న ప్రశ్న సరిదిద్దింది. మా చేనులో మేము అడగవలసిన ప్రశ్న కూడా అదే.

యాప్ చెప్పిన పేరు విషయానికి వస్తే, మీ వర్ణనకు అది సరిపోతుంది, కాని ఫొటో మీద నుంచి తీర్చి చెప్పను. దాన్ని పోలిన ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ (డి గీర్, 1776) కూడా ఇలాగే ఉంటుంది. దాని పొట్ట మీద వెడల్పు నల్ల పట్టీతో పాటు, పసుపు నడుమ మీసకట్టు లాంటి మరో సన్నని నల్ల గీత ఉంటుంది. ఆ సన్న గీత లేకపోతే యాప్ మాట నిజం కావడానికే అవకాశం ఎక్కువ. ఈసారి ఉదయం ఎండ ముదరక ముందు చేనుకు వెళ్లినప్పుడు మూడు ఫొటోలు తీయండి: వీపు మీది నుంచి పొట్ట పట్టీలు కనిపించేలా ఒకటి, ముఖానికి ఎదురుగా ఒకటి, పక్క నుంచి వెనక కాలి మొదలు కనిపించేలా ఒకటి. రెండు కళ్లు నడినెత్తిన కలిసి ఉంటే అది మగది. అప్పుడు తుంటి పన్ను కోసం మూడో ఫొటోను పెద్దది చేసి చూడండి. కళ్ల మధ్య ఎడం ఉంటే ఆడది. ఆ ఆడ ఈగ పేనుబంక పట్టిన కొసల దగ్గరే ఆగి ఆగి తిరుగుతుంటే, అది పోయాక ఆ కొసను తిప్పి చూడండి. బియ్యపు నూకలా తెల్లగా, పొడుగ్గా ఉన్న గుడ్డు పేనుబంకల మధ్యనే కనిపిస్తుంది. అది కనిపించిన చాళ్లలో ఆ వారం మందు కొట్టకండి.