రోడ్డు మీది చెత్తతో ఆర్ట్ చేస్తానంటున్న ఎంపీసీ కుర్రాడు

తెనాలి నుంచి ఒక తండ్రి రాశారు. అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. రోడ్డు మీద పడున్న టీ కప్పులు, సీసా మూతలు, బస్సు టికెట్లు ఏరుకొచ్చి, రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవం) పోసి దిమ్మలు చేసి ఇన్‌స్టాలో అమ్ముతున్నాడట. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాయనంటున్నాడట. బీటెక్కా, బీఎఫ్‌ఏ (చిత్రకళ, శిల్పకళ లాంటి వాటి డిగ్రీ)నా తేల్చి చెప్పమన్నారు.

అయ్యా, మీ ఉత్తరంలో ఫీజుల మాట ఒక్కటీ లేదు, "బంధువులు చూస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి" అన్న మాట మాత్రం మళ్లీ మళ్లీ వచ్చింది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి, కోర్సు పేరు మారుతుంది గానీ భయం ఇదే. వాడు ఏరి దాచుకున్న అట్టపెట్టెను మున్సిపాలిటీ బండిలో పడేశానని రాశారే, అది చాలా తప్పండీ. ముందు ఆ విషయం వాడితో కూర్చుని మాట్లాడండి.

మీ ఊళ్లోనే సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు గారి కుటుంబం నట్లు, బోల్టులు, బైకు చైన్ల లాంటి ఇనప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తోంది. 2021లో చేసిన ప్రధాని విగ్రహం పేపర్లలో కూడా వచ్చింది. ఒకసారి వాణ్ని తీసుకెళ్లండి, బయట నిలబడకుండా మీరూ లోపలికి వెళ్లండి.

వాడు చూపిస్తున్న న్యూయార్క్ జస్టిన్ గిగ్నాక్ కథ నిజమే. ప్యాకేజీ డిజైన్‌తో ఒరిగేదేమీ లేదని ఎవరో అంటే, కాదని చూపించడానికి 2001లో వీధి చెత్తను పారదర్శకమైన డబ్బాల్లో సీల్ చేసి, సంతకం, నంబరు, ఏరిన తేదీ వేసి 10 డాలర్లకు అమ్మాడు, తర్వాత అది 50 అయింది. కానీ అతను డిజైన్ చదువుకున్నవాడు, అడ్వర్టైజింగ్‌లో ఉద్యోగం చేస్తూ ఇది నడిపాడు. మీవాడు ఈ ముక్క మీకు చెప్పి ఉండడు.

నా అనుమానమంతా ఈ రెజిన్ మోజు మీద. వారాంతం వర్క్‌షాపులు, కోర్సులు, రీల్స్ చూస్తే ఎవరైనా ఇంట్లో కూర్చుని సంపాదించొచ్చు అనిపిస్తుంది, తీరా చూస్తే చాలామందివి ఒకేలాంటి కీచైన్లు, ఒకేలాంటి గడియారాలు. పైగా రెజిన్ కూడా ప్లాస్టిక్కే, ఎండ తగిలితే పసుపెక్కుతుంది, గట్టిపడక ముందు చేతికి అంటితే కొందరికి అలర్జీ వస్తుంది. మీరు పంపిన ఫొటోలో టీ కప్పు అంచున బుడగలు కనిపిస్తున్నాయి, లోపల గాలో తడో ఉండిపోయి ఉంటుంది. బస్సు టికెట్ మీద అచ్చు కూడా ఎక్కువకాలం నిలవదు. కానీ కప్పు, మూత, టికెట్ మూడూ ఒకే స్టాపులో, ఒకే సాయంత్రం ఏరినవని కింద రాశాడు చూశారా, ఆ ఆలోచన ఎవరో నేర్పితే వచ్చేది కాదు.

బీటెక్, బీఎఫ్‌ఏ ఇప్పుడే తేల్చక్కర్లేదు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌తో పాటు ఆర్ట్, డిజైన్ కోర్సుల ఎంట్రన్స్‌లైన ఏడీసెట్, యూసీడ్ కూడా రాయించండి, ఎంపీసీ చదివినా వీటికి అడ్డు లేదు. బీఎఫ్‌ఏ తర్వాత మొదటి జీతం తక్కువే ఉండొచ్చు, దానికి సిద్ధపడండి. మీవాడు దారి తప్పలేదు, టెన్షన్ పడకండి. ఈలోగా గ్లౌజులు కొనివ్వండి, సూదులు, గాజుముక్కల జోలికి పోవద్దని చెప్పండి, రెజిన్ పని డాబా మీద చేసుకోనివ్వండి.