లోతు నీళ్లు పట్టే ముందు

చి. అమ్మలూ,

జోహన్నెస్‌బర్గ్ దగ్గర బంగారు గనిలో నీళ్ల శాంపిల్స్ తీసే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమో! అక్కడి ఎంపొనెంగ్ గనిలో 2.8 కిలోమీటర్ల లోతున రాతి పగుళ్లలోంచి వచ్చిన 5,600 లీటర్ల నీళ్లు వడగడితే, దొరికిన డీఎన్ఏ దాదాపు అంతా ఒకే బ్యాక్టీరియాది: డీసల్ఫోరుడిస్ ఆడాక్స్‌వయేటర్. 2008లో ఆ పేపర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎండ తగలదు, ఆక్సిజన్ లేదు. రాతిలోని యురేనియం రేడియేషన్‌కి నీటి అణువు విరిగి హైడ్రోజన్ పుడుతుంది. ఆ హైడ్రోజన్‌తో, నీళ్లలోని సల్ఫేట్‌తో అది బతికేస్తోంది.

అంత పలచగా జీవం ఉన్నచోట నీ చేతి మురికే ఎక్కువగా కనిపిస్తుంది. ఇది మర్చిపోకు. వాల్వ్ తిప్పగానే సీసా పట్టకు. ముందు వచ్చేది గొట్టంలో నిలిచిన నీరు. వేడి, కండక్టివిటీ (నీళ్లలో కరెంటు ఎంత పారుతుందో), ఆక్సిజన్ రీడింగులు నిలకడగా వచ్చేదాకా వదిలెయ్. తర్వాత గొట్టం సీసా అడుగుదాకా దించి, నీళ్లు పొంగిపొర్లేలా నింపి, ఒక్క బుడగ కూడా మిగలకుండా రబ్బరు మూత బిగించు. డ్రిల్లింగ్‌కి గనిలో వాడే నీళ్లు వేరే సీసాలో పట్టు. అందులో ఉన్న జీవే పగులు నీళ్లలోనూ కనిపిస్తే, అది రాతిదని రాసెయ్యకు.

శాంపిల్ వెయ్యని ఖాళీ ట్యూబ్‌కి కూడా, శాంపిల్‌కి చేసినట్టే మొదటి నుంచి చివరిదాకా అన్ని పరీక్షలూ చెయ్యి. నేను ఒకసారి ఆ పని చెయ్యలేదు. కొత్త జాతి దొరికిందని ల్యాబ్‌లో అందరికీ మిఠాయి పంచాను. మళ్లీ ఖాళీ ట్యూబ్‌తో చేస్తే అదే వచ్చింది, మనిషి చర్మం మీద ఉండే బ్యాక్టీరియా. ఆరు నెలల పని పోయింది. ఆ బాధ నీకు వద్దు.

రాతి కోర్ (డ్రిల్లింగ్‌లో పైకి తీసే గుండ్రటి రాతి కడ్డీ) చేతికొస్తే పై పొర చెక్కేసి లోపలి భాగమే తీసుకో, పైదంతా డ్రిల్లింగ్ ద్రవం తగిలినదే. మన హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) పాలుపంచుకున్న మహారాష్ట్ర కోయ్నా తవ్వకంలో బసాల్ట్ అనే లావా రాతి కిందినుంచి గ్రానైట్ కోర్ పైకొచ్చింది. అందులో సూక్ష్మజీవుల కోసం ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు వెతికారు, ఆ పేపర్లు తప్పకుండా చదువు.

కల్చర్‌లో, అంటే సూక్ష్మజీవుల్ని పెంచడానికి పెట్టిన సీసాల్లో, వారానికే ఏమీ పెరగలేదని టెన్షన్ పడకు. నెలలు పడుతుంది, సీసాలు పారెయ్యకు.

లోపల వేడి బాగా ఉంటుంది, నీళ్లు తాగుతూ ఉండు. పైకి రాగానే ఒక మెసేజ్ పెట్టు, పెద్దమ్మ ఎదురుచూస్తుంది.

దీవెనలతో,
పెదనాన్న