ఎనిమిది లక్షల పెంపు, చేతికొచ్చేది ఎంత?

కావలి నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రాశారు. వయసు 31. చెన్నై కంపెనీకి ఇంటి నుంచే పని, ఏడాదికి 14 లక్షలు. ఇప్పుడు బెంగళూరు కంపెనీ ఒకటి 22 లక్షలంటోంది, కానీ వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలట. భార్య కావలిలోనే ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం నెలకు 18 వేలు. మూడేళ్ళ పాప. రొయ్యల సాగులో నష్టపోయిన నాన్నకు షుగరు, కాలికి పుండు. వెళ్ళాలా, వద్దా అని ప్రశ్న.

మీరు పంపిన ఆఫర్ లెటర్ ముందేసుకుని కూర్చున్నాను. ఇరవై రెండులో రెండు లక్షలు వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది, అది వస్తేనే వచ్చినట్టు. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా అందులోనే కలిపేశారు. అవన్నీ తీసేసి, మీ పీఎఫ్, కొత్త విధానంలో పన్ను పోను నెలకు సుమారు 1,27,000 చేతికొస్తుంది. ఇప్పుడొస్తున్నది 99 వేలు. జీతగాళ్ళకిచ్చే స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి 12,75,000 దాకా పన్ను లేదు, కంపెనీ పీఎఫ్ వాటా వగైరా పోతే మీ 14 లక్షలు ఆ గీత దగ్గరకే వస్తాయి గనక ఇప్పుడు మీరు కడుతున్నది నామమాత్రం. అక్కడ ఏడాదికి లక్షన్నర దాటుతుంది. తేడా నెలకు 28 వేలు. మీ ఆవిడ ఉద్యోగం మానేస్తే అందులో 18 వేలు పోయినట్టే. మిగిలిన పదివేలకు బెంగళూరులో డబుల్ బెడ్‌రూమ్ అద్దె ఏ మూలకి? కావలిలో మీది సొంతిల్లు.

ఒక్కరే వెళ్తే కొంత మిగులుతుంది, కాదనను. కానీ రోజు విడిచి రోజు నాన్న కాలికి కట్టు మార్చేది మీరే అని రాశారు. అమ్మకు చెయ్యి వణుకుతుందట. మీరు లేనప్పుడు ఆ కట్టు ఎవరు మారుస్తారో మాత్రం రాయలేదు. భార్య చూసుకుంటుందని అనుకుంటున్నట్టున్నారు. ఆమెతో ఆ మాట అన్నారా?

ఇంకొకటి. ఉత్తరంలో తోడల్లుడి జీతం మూడుసార్లు వచ్చింది, నాన్న పుండు ఒక్కసారే. కోప్పడకండి, చదివినవాణ్ణి గనక చెప్పాను.

అలాగని ఉన్నచోటే ఉండిపొమ్మననూ. ఇంటి నుంచి పని ఎన్నాళ్ళుంటుందో మీ మేనేజరుకే తెలియదు. కొత్త కంపెనీకి చెన్నైలోనూ ఆఫీసుందన్నారు, అక్కడ వేయమని అడగండి. జీతం రెండు లక్షలు తగ్గినా పర్వాలేదు. కావలిలో పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భోజనాల వేళకు చెన్నైలో దిగొచ్చు. బెంగళూరంటే రాత్రంతా బస్సులోనే. గ్రూప్ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులు ఉన్నారా, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అనేది కూడా అడగండి. ఫోన్లో చెప్తే చాలదు, మెయిల్లో రాయించుకోండి.

నాన్న "నా కోసం ఆగబాక, పో" అన్నారన్నారు. ఈ లెక్కల కాగితం ఒకసారి ఆయన ముందు పెట్టండి. సీడు, మేత, కరెంటు ఖర్చు పోగా గుంటలో మిగిలేదెంతో లెక్కేసిన మనిషి ఆయన. అప్పటిదాకా రాజీనామా పంపకండి.